వానపూట కొట్టిన వార్నిష్

ఈ మాట నా భార్యకు కూడా చెప్పలేదు. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది, మింగేశాను. మింగిన మాట అరగదని ఇన్నేళ్లలో బాగా తెలిసింది. అన్నం ముందు కూర్చున్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, ఏ కారణమూ లేకుండా పైకి వస్తుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో అంటున్నాను. వినండి చాలు, ఓదార్చవద్దు.

నాకు తిరుపతిలో కళ్లద్దాల అంగడి ఉంది. సన్నటి మరలు, పట్టకార్లు చేతికి అలవాటైన పని. ఆ అలవాటే బొమ్మ బండ్ల పిచ్చిలోకి దింపింది. పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. నిజమైన కారునో లారీనో కొలతలు తప్పకుండా అరచేతంత చేసి, ముక్కా ముక్కా అతికించి, రంగులేసి, ఆ తర్వాత దానిమీద తుప్పు, దుమ్ము, ఆయిల్ మరకలు తెప్పించాలి. కొత్త బండి మెరుపును చంపి, ఏళ్లతరబడి రోడ్డుమీద తిరిగిన బండిలా కనిపించేలా చేయడమే ఇందులో అసలు పని. ఇంట్లో దుమ్ము చాలదా, ఇంకా కొని తెచ్చుకోవాలా అని నా భార్య దెప్పుతుంది.

మునిశేఖర్ నా తోడల్లుడు, మా మరదలి మొగుడు. బంగారుపాళ్యంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఉద్యోగం. వాడికి ఈ పిచ్చి అంటించింది నేనే. బ్లేడు పట్టడం దగ్గర్నుంచి దుమ్ము అద్దడం దాకా నేనే నేర్పాను. నేను గురువును, వాడు శిష్యుడు. అలా ఉన్నంతకాలం మాకు పోటీ ఏముందని అందరితో అనేవాణ్ణి. పోటీ లేదని ఎవడైనా పనిగట్టుకుని చెబుతుంటే నమ్మకండి.

మా ఇద్దరికీ పిల్లనిచ్చిన మామకు ఒక లారీ ఉండేది. తోటల నుంచి ఫ్యాక్టరీలకు మామిడికాయలు తోలేవాడు. పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయాక లారీని అమ్మేశాడు. అమ్మినందుకు బాధపడ్డట్టు ఎవరితోనూ ఒక్క మాట అనలేదు గానీ, ఆయుధపూజ రోజు మాత్రం ఆయన్ను చూడలేకపోయేవాళ్లం. వీధిలో ఆటోకు, ట్రాక్టరుకు, మోటారు సైకిలుకు, అన్నిటికీ బంతిపూల దండలు, విభూది పట్టెలు, చక్రాల కింద నిమ్మకాయలు. ఆయన పొద్దున్నే స్నానం చేసి, పూజ చేయడానికి ఏమీ లేక, గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఆ లారీని చేసి, ఆయుధపూజ నాటికి మామ ముందు పెడతానన్నాడు శేఖర్. అలాంటి లారీకి విడిభాగాల పెట్టె ఎక్కడా దొరకదు. ప్లాస్టిక్ రేకు కోసి, వెదురు చీల్చి పలకలు చేసి, అంతా తనే కట్టుకున్నాడు. దానికి దుమ్ము కూడా పట్టిస్తున్నాడని తెలిసి, పూజకు పెట్టే బండిని కడుగుతారు గానీ మురికి బండికి బొట్టు పెడతారా అని ఎగతాళి చేశాను. కడిగితే మామ గుర్తుపట్టడన్నా, అని నవ్వాడు.

పూజకు ముందురోజు పొద్దున బస్సులో ఒళ్లో పెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. అట్టపెట్టె తెరిచాడు. చితికిన పండ్ల రసం కారి, దానిమీద దుమ్ము అతుక్కుని, వెనక పలకల మీద నల్లగా చారలు దిగి ఉన్నాయి. ఆ దుమ్ము మామ లారీ నిలిపే షెడ్డులోదేనట, పాతచీర గుడ్డలో జల్లించి తెచ్చాడు. డ్రైవరు వైపు తలుపు మీద ఒకచోట రంగు అరిగి లోపలి రేకు కనబడుతోంది. ఇదేమిటని అడిగాను. మామ కిటికీలోంచి చేయి బయటికి వేసి తలుపు మీద తాళం కొడుతూ తోలేవాడు కదా, అక్కడే అరిగింది అన్నాడు. ఇప్పుడు పడిపోయిన చేయే అది. నేనూ ఆ లారీలో ఎన్నిసార్లు కూర్చున్నానో. ఆ అరుగుడు నా కంటికి ఎప్పుడూ ఆనలేదు. ఊరందరికీ కళ్లద్దాలు పెట్టేవాణ్ణి నేను!

నాకు కడుపు మండింది. ఇంకో పేరు పెట్టి చెప్పడం ఎందుకు, అసూయే. నా చేతికింద నేర్చుకున్నవాడు నన్ను దాటిపోయాడు. అంతకన్నా నొప్పి ఏమిటంటే, ఆ సంగతి వాడికి తెలియనే తెలియదు. ఎట్లుండాదన్నా అని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. పర్వాలేదన్నాను.

ఒక్క పని మిగిలింది. అద్దిన దుమ్ము చేయి తగిలితే రాలిపోతుంది. మామ దాన్ని తప్పకుండా చేతిలోకి తీసుకుంటాడు కాబట్టి, పైన మెరుపులేని వార్నిష్ ఒక పొర కొట్టాలి. ఆ స్ప్రే డబ్బా నా దగ్గర ఉంది. దీనికో కట్టడి ఉంది, గాలిలో తేమ ఉన్నప్పుడు కొట్టకూడదు. కొడితే పూత తెల్లగా మంచు పట్టినట్టు అయిపోతుంది. అది శేఖర్‌కు నేర్పిందీ నేనే. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి సన్నగా వాన. తెరిపిచ్చినాక కొట్టన్నా, అని చెప్పి, బూడిద గుమ్మడికాయ, పూలు తేవడానికి నా భార్యతో బజారుకు పోయాడు. సాయంత్రం బస్సుకు గానీ బంగారుపాళ్యానికి మా ప్రయాణం లేదు. కావలసినంత సమయం ఉంది.

నేను ఆగలేదు.

ఎందుకు ఆగలేదు? చెడిపోవాలని కొట్టానా? లేదు, ఒట్టు వేసి చెప్పగలను. మరి పాడవకుండా చూసుకోవాలని గట్టిగా అనుకున్నానా? అదీ లేదు. ఏమవుతుందిలే అనుకున్నాను, అంతే. నాది అయితే ఏమవుతుందిలే అనుకునేవాణ్ణా? నా బండి అయితే ఎండ కోసం మూడురోజులైనా కాచుకునేవాణ్ణి, డబ్బాను వేణ్నీళ్లలో పెట్టి వెచ్చబరిచేవాణ్ణి, ముందు ఏదో చెత్త ముక్క మీద కొట్టి చూసుకునేవాణ్ణి. వాడి బండికి వరండాలో నిలబడి, కళ్లముందు వాన పడుతుండగా కొట్టాను. ఆ తేడా నాకు తెలుసు. దాన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రాదు.

చూస్తుండగానే తెల్లబడింది. రసం చారలు, అరిగిన తలుపు, అన్నీ బూడిద పూసినట్టు అయిపోయాయి. దానికీ విరుగుడు ఉంది, బాగా ఆరనిచ్చి మెరుపు వార్నిష్ పలచగా కొట్టి చూడవచ్చు. కంగారులో అది తోచలేదు. గుడ్డకు థిన్నర్ తడిపి తుడిచాను. తెలుపుతో పాటు దుమ్మూ పోయింది, చారలూ పోయాయి, తలుపు మీద రంగంతా గుడ్డకు అంటుకొచ్చింది.

వాళ్లు తిరిగొచ్చారు. శేఖర్ చేతిలో గుమ్మడికాయ ఇంకా దించలేదు. నేనే ముందు నోరు తెరిచాను.

"ఏం రంగు ఏసినావప్పా దీనికి?"

"మామూలు డబ్బా రంగే అన్నా. చిత్తూర్లో అంగట్లో తీసుకుంటిని."

"అదే మరి. ఆ సౌక రంగుకు ఈ వార్నిష్ పడలా. ఒకమాట నన్నడిగి ఉంటే సెప్పేవాణ్ణి గదా."

వాడు గుమ్మడికాయ కింద పెట్టి, లారీని చేతిలోకి తీసుకుని, తలుపు మీద బొటనవేలితో ఒకసారి రాశాడు.

"నాదే తప్పన్నా. నిన్నడగాల్సింది."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గోటితో పోయేది. నేను చెప్పకపోగా వాడి భుజం తట్టాను. మొదట్లో అందరికీ ఇలాగే అవుతుందని ధైర్యం చెప్పాను. మీకు చెప్పకుండా దాచుకోవాలని అనిపిస్తున్నది ఆ అబద్ధాన్ని కాదు, ఆ భుజం తట్టడాన్ని. పైగా నా బీరువాలోంచి ఒక లారీ తీసి ఇచ్చాను. విదేశాల్లో తిరిగే రకం, ఎర్రగా మెరుస్తూ ఉండేది. పూజకు ఇది పెట్టండి అన్నాను. ఎంత పెద్ద మనసని మా మరదలు ఇప్పటికీ చెప్పుకుంటుంది.

మరునాడు బంగారుపాళ్యంలో మామ ఇంట్లో దానికే పూజ చేశారు. మామ ఎడమచేత్తో కుంకుమ పెట్టాడు. అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాది అల్లుడూ. ఇది ఏ ఊరి బండి?" అని అడిగాడు. శేఖర్ తలొంచుకుని కొబ్బరికాయ పీచు తీస్తున్నాడు. హారతి అయ్యాక మామ లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మళ్లీ ఆయుధపూజ వచ్చేలోపు ఆయన పోయాడు. శేఖర్ ఆ తర్వాత ఇంకో బండి కట్టలేదు. నాకు చేయి కుదరదన్నా, చూసి సంతోషిస్తాలే అంటాడు. మళ్లీ మొదలుపెట్టమని నేను ఎన్నిసార్లు బతిమాలానో లెక్కలేదు. మంచి రంగులు కొనిచ్చాను, బ్రష్షులు ఇచ్చాను. ఇవ్వవలసిన ఒక్క మాట తప్ప అన్నీ ఇచ్చాను. వాడితో ఇప్పుడు చెబితే ఏమవుతుంది? క్షమిస్తాడు. అక్కడికక్కడే, కాఫీ తాగుతూ క్షమించేస్తాడు, నాకు తెలుసు. మామను తిరిగి తెచ్చి ఆ తలుపు చూపించలేనప్పుడు ఆ క్షమను తీసుకుని నేనేం చేసుకోను? ఇలా అనుకోవడం కూడా తప్పించుకోవడమేనేమో. కావచ్చు.

ఇవాళ చెబుతున్నానంటే కారణం ఉంది. పోయిన ఆదివారం మా అంగడి మేడమీద బొమ్మ బండ్లవాళ్లం నలుగురం కలిశాం. శేఖర్ కూడా వచ్చాడు, ఊరికే చూడటానికి. కొత్తగా నేర్చుకుంటున్న ఒకామె తను రంగు వేసిన జీపును వాడికి చూపించింది. వాడు నవ్వుతూ ఆమెకు తన కథ చెప్పాడు. సౌక రంగు వాడొద్దమ్మా, నేను అట్లే మా మామ లారీని నాశనం చేసుకుంటిని, పాపం మా అన్న దాన్ని కాపాడాలని శానా సూసినాడు అన్నాడు. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. నేను టీ గ్లాసులు తీసే నెపంతో కిందికి దిగిపోయాను.

నా అబద్ధం వాడికి నిజమైపోయింది. వాడు దాన్ని ఇంకొకరికి పాఠంగా చెబుతున్నాడు. అందుకే ఎక్కడో ఒకచోట సరిగ్గా చెప్పి ఉంచాలి అనిపించింది. ఆ రంగు మంచిదే. వాడి చేయి నా చేయికంటే మంచిది. వాన పడుతోందని తెలిసి కొట్టింది నేను.