తీతువు గుడ్లకు ఎర్ర టేపు

ఆ రోజుల్లో నా కంటికి ప్రపంచమంతా ప్రమాదంగానే కనిపించేది. డిప్లొమా చేతికి వచ్చీ రాగానే, భిలాయి స్టీలు ప్లాంటులో పనులు చేయించే ఒక కాంట్రాక్టరు (ఆయన పెద్దలూ మా పెద్దల్లాగే విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళే) నన్ను సేఫ్టీ పనిలో పెట్టుకున్నారు. పసుపు హెల్మెట్టు, ఈల, ఎరుపూ తెలుపూ చారల టేపు చుట్ట నా చేతికిచ్చి, ఎక్కడ గుంత కనిపించినా చుట్టూ రాడ్లు పాతి, టేపు కట్టి, బోర్డు తగిలించమన్నారు. నేను ఆ ఉద్యోగాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాను. అమ్మ వంటగదిలో కింద దించిన వేడి గంజి చుట్టూ ఒకరోజు టేపు కట్టాను. ఆవిడ దాన్ని తెంపి కరివేపాకు మొక్కకి ఊతం కట్టుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని నాన్న ఊరికే అనలేదు.

అమ్మకి అన్న, మా మావయ్య, ప్లాంటులో క్రేను నడిపి రిటైరయ్యారు. అంత ఎత్తున కూర్చుని కిందికి చూసి చూసి ఆయనకి డేగకళ్ళు వచ్చాయని ఇంట్లో అనుకునేవాళ్ళం. గుండెకి స్టెంటు వేశాక మనిషి బాగా ముభావమైపోయారు. డాక్టరు రోజూ పొద్దున్నే నడవమన్నారు, ఒంటరిగా మాత్రం వద్దన్నారు. అలా ఆయనకి జత నేనయ్యాను. ఊరి చివర మరోదా పేట దాటాక, ఉతై అనే ఊరి వైపు పెద్ద గడ్డినేల ఉండేది. ఇక్కడివాళ్ళు దాన్ని భాఠా అంటారు. ఎర్రకంకర, మోకాలెత్తు గడ్డి, చెట్టన్నది లేదు. నాకు అందులో గడ్డి తప్ప ఏమీ కనిపించేది కాదు. మావయ్య వేలైనా చాపకుండా గడ్డం ఎత్తి చూపించేవారు. అక్కడ కుందేలు, ఇటు పూరేళ్ళు, అదిగో పాడుతూ పైకి పోయి రాయిలా కిందికి రాలే భరత పిట్ట.

ఒక ఏప్రిల్ పొద్దున ఆయన నడక తగ్గించి, కంకరలో చారెడు గుంట చూపించారు. అందులో తీతువు గుడ్లు నాలుగు. రాళ్ళ మధ్య రాళ్ళలా ఉన్నాయి. ఎండ ముదిరితే తల్లి పొట్టఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి వాటిని చల్లబరుస్తుందట. అది పక్కన లేకపోతే గుడ్లు ఉన్నచోటే ఉడికిపోతాయట. ఆగకూడదు, ముట్టకూడదు, ఎవరికీ చెప్పకూడదని షరతులు పెట్టారు. స్టెంటు తరువాత ఆయన అంత ఇష్టంగా, అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.

నేను ఆగలేదు, ముట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ రోజంతా నా కళ్ళముందు మేకల గిట్టలూ మోటారుసైకిలు చక్రాలే. సాయంత్రం డ్యూటీ దిగి, స్కూటీ మీద నేరుగా అక్కడికి పోయి, నాలుగు రాడ్లు పాతి, రెండు వరసల టేపు బిగించి కట్టాను. దగ్గరున్నది ఒకటే బోర్డు, అదీ తగిలించాను. "సావధాన్, కామ్ చాలూ హై." జాగ్రత్త, పని జరుగుతోంది. (జరుగుతున్నమాట నిజమే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.)

మర్నాడు పొద్దున మేం వెళ్ళేసరికి టేపు చుట్టూ జనం. గడ్డి కోసుకునే ఆడవాళ్ళు, మేకల కాపరి, పాలవాడు, సెల్‌ఫోన్లు పట్టుకున్న మరో పదిమంది. ప్రహరీ లేస్తుందని ఒకరు, కాదు పైపులైను అని ఒకరు. నిన్నటిదాకా మేక కూడా తలెత్తి చూడని చోటు అది. పైన తీతువులు రెండూ గొంతు చించుకుని తిరుగుతున్నాయి, ఎండ ఎక్కుతోంది. మావయ్య టేపు వంక చూసి, తరువాత నా వంక చూశారు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

ఆయన నడకకి కూడా నేను వదలని పసుపు హెల్మెట్టు నా తలమీంచి తీసి తను పెట్టుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, పెద్ద ఆఫీసరులా టేపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "కామ్ ఖతమ్ హో గయా, భయ్యా" అన్నారు. పని అయిపోయిందనడంతో జనం ఎవరిదారిన వాళ్ళు పోయారు. మా ఊళ్ళో జరిగే పనిని ఎంతసేపైనా నిలబడి చూస్తారు గాని, అయిపోయిన పని ఎవరికీ అక్కర్లేదు.

గబగబా రాడ్లు పీకేసి, దూరంగా పోయి గడ్డిలో కూర్చున్నాం. గుడ్లు ఎండలో ఉన్నాయి. పిట్ట రాలేదు. చాలాసేపు రాలేదు. నాకు ఏడుపు ఆగలేదు. ఇక రాదేమో మావయ్యా అన్నాను.

"నువ్వు మంచికే కట్టినావని దానికెవులు సెప్తారే బుల్లీ," అన్నారు మెల్లగా. "దూరంగా కూకోడమే మనం సేసీ పని."

మరి కాసేపటికి అది వచ్చింది. ఎగిరి కాదు, నడిచి. నాలుగడుగులు వేయడం, ఆగడం, ఎటో చూస్తున్నట్టు నటించడం. చివరికి తడిసిన పొట్టతో గుడ్ల మీద సర్దుకుని కూర్చుంది. మావయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు, ఎండకేనన్నారు.

ఆ తరువాత పది రోజులు దాని మానాన దాన్ని వదిలేద్దామని, ఆయన తనకిష్టమైన ఆ నడక మానేసి, నాతో నెహ్రూ నగర్ రోడ్డు పక్కన లారీల దుమ్ములో నడిచారు. పదకొండో రోజు వెళ్ళి చూస్తే గుంట ఖాళీ. పెంకు ముక్కైనా లేదు. పిల్లలయ్యాయో, ముంగిస తినేసిందో తెలియదు. నేను ఆయన ముఖంలోకి చూశాను.

"నాలుగూ పిల్లలైపోనాయే," అన్నారు. "నా కళ్ళతో సూసినాను."

ఆ పది రోజులూ నేను లేకుండా ఆయన గడప దాటలేదు. ఎప్పుడు చూశారని నేను అడగలేదు.

ఇప్పుడు నేను సేఫ్టీ ఆఫీసర్ని. కళ్ళతో చూడందే ఏ కాగితం మీదా సంతకం పెట్టదని సైట్లో నాకు కాస్త చెడ్డపేరే ఉంది. మావయ్య పోయి రెండేళ్ళయింది. ఎవరైనా ఆ గుడ్లు ఏమయ్యాయని అడిగితే నాలుగూ పిల్లలయ్యాయనే చెబుతాను. నువ్వు చూశావా అంటే, మా మావయ్య చూశారంటాను.