వదిన పెట్టిన బొట్టు

మొన్న మధ్యాహ్నం టీవీలో ఏదో పాత డబ్బింగ్ సినిమా వస్తోంది. అందులో అరవ హీరోయిన్ మా వదిన గొంతుతో ఏడుస్తోంది. అన్నయ్య చప్పున టీవీ కట్టేశాడు. "అది మీ వదిన కాదురా. నా దగ్గర ఎప్పుడన్నా అలా ఏడ్చిందా?" అన్నాడు. వదిన పోయి ఏడాది దాటింది. డబ్బింగ్ చెప్పేవాళ్ల ఇళ్లలో చావుకి ఇదొక శాపం. మనిషిని సాగనంపి వచ్చాక కూడా ఆ గొంతు పక్కింటి కిటికీలోంచి పరాయి ముఖం తగిలించుకుని పలకరిస్తూనే ఉంటుంది. అంతమందికి గొంతిచ్చిన మనిషి తన మాటగా మాట్లాడింది మాత్రం మా ఇంట్లో ఒక్క ముక్క లేదు.

ఉంటే ఒక్కచోటే ఉండాలి. ఫిల్మ్‌నగర్‌లో వదిన డబ్బింగ్ చెప్పిన, నేను సౌండ్ పని చేసిన స్టూడియో మూసేస్తూ పాత కంప్యూటర్‌ను నాకు అంటగట్టారు. టేకుకీ టేకుకీ మధ్య నేను రికార్డింగ్ ఆపేవాణ్ని కాదు. వదిన కబుర్లన్నీ అందులోనే పడ్డాయి. కానీ దాని సిస్టం ఎప్పుడో చచ్చింది. డిస్కులు తీసి వేరే మిషన్‌కి తగిలిస్తే ఖాళీ అని చూపించింది. వాటిని కలిపి నడిపే కార్డు ఈ పెట్టెలోనే ఉంది, దానికి తప్ప అవి లొంగవు. అందుకని వాటి జోలికి పోకుండా, పక్కన ఇంకో చిన్న డిస్కు బిగించి దాని మీద లినక్స్ అనే వేరే సిస్టం ఎక్కించాలనుకుని యూసుఫ్‌గూడలో ఒక షాపుకి వెళ్లాను.

"గిదేంది కాకా, మ్యూజియంల పెట్టేటిది తెచ్చినవ్! స్క్రాప్‌ల ఏసెయ్. కొత్త లాప్‌టాప్ తీస్కో, ఫికరే ఉండది," అన్నాడు షాపు కుర్రాడు.

"నన్ను కూడా అదే బండిలో వేస్తావా?" అన్నాను.

"నీకు రేటు రాదు కాకా," అని నవ్వాడు.

ఒళ్లు మండింది. మొరాయించినదాన్నల్లా పారెయ్యడమే తెలివనుకునే కాలమిది! చదువు ఏడో తరగతిలో ఆగినా, మిషన్లతో వచ్చే పుస్తకాల్లోంచే ఇంగ్లీషూ నేర్చుకున్నాను, పనీ నేర్చుకున్నాను. పెట్టెను మధురానగర్ ఇంటికి తెచ్చి నేనే కూర్చున్నాను.

ఎక్కించబోతే మధ్యలో బిగుసుకుపోయింది. మళ్లీ మొదలుపెడితే ఇంకోచోట. అన్నయ్య కుర్చీ దగ్గరకి జరుపుకుని, "మీ వదినకి మనతో మాట్లాడటం ఇష్టం లేదేమోరా," అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. అయినా, ఎప్పుడూ ఒకేచోట ఆగితే ప్రోగ్రాముని అనుమానించాలి, రోజుకోచోట ఆగితే వస్తువుని అనుమానించాలి. మెమరీ పలకలు రెండూ తీసి విడివిడిగా పరీక్షించాను. వాటిని గుచ్చే మొదటి గాడిలో పెడితే రెండూ తప్పాయి, రెండో గాడిలో రెండూ నెగ్గాయి. దోషం పలకలది కాదు, గాడిది.

టార్చి వేసి చూస్తే గాడి నిండా ఎర్రటి పొడి. కుంకుమ! ఏటా దసరాకి మా స్టూడియోలో మైకులకీ మిషన్లకీ పూజ చేసేవాళ్లం. అందరూ పెట్టె మీద బొట్టు పెడితే వదిన మూత తీయించి, "పని చేసేది లోపలిది, బొట్టు డబ్బాకా?" అంటూ లోపల పెట్టేది. వద్దనడానికి ఎవరికి ధైర్యం?

స్పిరిట్, కుంచె తీశాను. అన్నయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "దాని వేలు తగిలిన కుంకుమరా," అన్నాడు. అంతే. కుంచె పక్కన పెట్టి, ఆ గాడి ఖాళీగా వదిలేసి, రెండో గాడిలో ఒక్క పలకతోనే నడిపించాను. నత్తలా నడిచింది గానీ, ఈసారి ఆగలేదు. పాత డిస్కులు కనిపించాయి.

ఒక టేకు తెరిచాను. ఎవరో హీరోయిన్ ఏడుపు ముగిసింది, ముక్కు చీదిన చప్పుడు, ఆ వెంటనే వదిన: "ఏమయ్యా మరిదీ, మీ అన్నయ్యకి ఫోను చెయ్యి. పొయ్యి మీద చారుంది, దించకపోతే మాడుతుంది. ఆయనకి చెప్పకపోతే గిన్నె మాడినా తెలీదు!"

నేను అన్నయ్య కళ్లలో నీళ్ల కోసం చూశాను. ఆయన మాత్రం లేచి, చొక్కా సర్దుకుని, గబగబా వంటింట్లోకి వెళ్లాడు. పొయ్యి మీద ఏమీ లేదు. అయినా స్టవ్ కట్టెయ్యడానికి నాబ్ తిప్పిన చప్పుడు వినిపించింది.

పోయిన కాలం పోయిందని ఎవరన్నా నేనిక ఒప్పుకోను. అది ఇంకా మనకి పనులు పురమాయిస్తూనే ఉంది.