పెదనాన్న తీగ మీది గూడు

కాలేజీ ల్యాబులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "పెదనాన్న పోనాడమ్మా" అని, నేనేమీ అడగకముందే పెట్టేశాడు. ఖరిదా అనే మా పేటలో ఇంటికి చేరేసరికి వరండా నిండా జనం. బతికున్నన్నాళ్లూ ఆయన్ని పిట్టల పిచ్చోడని వెక్కిరించినవాళ్లే, అంత మంచి మనిషి ఉండడంటూ ముక్కు చీదుతున్నారు. నాకు ఏడుపు రాలేదు.

పెదనాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నాలుగో తరగతి దాటలేదు. మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషిని నేను. డ్యూటీ నుంచి రాగానే నా జంతుశాస్త్రం పుస్తకం పైకి చదివించుకునేవాడు. ఆయన పక్కన కూర్చోవాలంటే నాకు అసహ్యంగా ఉండేది. ఎంత సబ్బు రుద్దినా చేతుల నుంచి మెషీను నూనె కంపు పోయేది కాదు. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

వరండాలో బట్టలారేసే తీగకు ఏటా తేనెపిట్ట గూడు కట్టేది. ఒక ఏడాది దానికి సాయం చేద్దామని పెదనాన్న వర్క్‌షాపులో నూనె తుడిచే దారపు పీచు తెచ్చి తీగకు వేలాడదీశాడు. పిట్ట ఆ పీచుతోనే గూడు అల్లింది. గుడ్లకు నూనె అంటుకుంది. పిల్లలు రాలేదు. చివరికి గూడు విప్పితే కుళ్లిన వాసన వచ్చింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. "ఈ సేతులతోనే సంపేసినాను" అన్నాడు. మరుసటి ఏడాది నుంచి పీచును వేణ్ణీళ్లలో మూడుసార్లు ఉతికి, ఎండబెట్టి, వాసన చూసి గాని పెట్టేవాడు కాదు.

ఒకసారి హమ్మింగ్‌బర్డ్ గురించి చదివి వినిపించాను. అది అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండదు. గాల్లో ఉన్నచోటే నిలబడి తేనె తాగుతుంది, వెనక్కి ఎగురుతుంది. చలి రాత్రుల్లో ఒళ్లు చల్లబరుచుకుని, గుండె వేగం తగ్గించుకుని, చచ్చినట్టు పడి ఉంటుంది.

"సావదు గుంటా," అన్నాడు. "బొగ్గింజనుకి రాత్రి అగ్గి అణిసి పెట్టీవోళ్లం. పొద్దున్నకి మళ్లీ లెగుస్తాది."

ఆడపిట్ట ఒక్కతే గూడు కడుతుందనీ, సాలెపట్టు కలిపి కట్టడం వల్ల పిల్లలు పెరిగేకొద్దీ అది సాగుతుందనీ చదివితే, తీగ వైపు చూసి నవ్వాడు. మన పిట్టా సాలెపట్టే వాడుతుందని ఆయనకు ఎప్పుడో తెలుసు. పుస్తకం ఇప్పుడు ఒప్పుకుందంతే.

పదో రోజు ఇల్లు కడిగారు. మైల పోవాలంటే ఇంట్లో బూజు ఉండకూడదని అత్త, అంటే పెదనాన్న చెల్లెలు, పొడుగు చీపురు పట్టుకుని వరండాలోకి వెళ్లింది. తీగ మీది గూట్లో పిల్లలున్నాయని పొద్దున్నే అత్తకు చెప్పాను. నేను నీళ్లు తోడుకుని వచ్చేసరికి తీగ ఖాళీగా ఉంది. గూడు చెత్తబుట్టలో, ఎంగిలి విస్తళ్ల మీద పడి ఉంది.

"ఏటమ్మా అలా సూస్తావు? బూజే కదా" అంది అత్త.

"ఆయన సేతులు కంపని నేను మొహం తిప్పుకున్నాను అత్తా. ఆయన ఈటి కోసం ఆ సేతులే రోసుకున్నాడు. మనవేటి సేసినాం?"

పులుసు మరకల మధ్య నుంచి గూడు తీసి చూశాను. రెండు పిల్లలూ బతికే ఉన్నాయి, నోళ్లు తెరిచి. జడకున్న రిబ్బను విప్పి గూటిని తీగకు కట్టాను. నా చేతులు ఇల్లు కడిగిన ఫినాయిల్ కంపు కొడుతున్నాయి.

అందరం గుమ్మం లోపలికి జరిగాం. అత్త చీపురు వెనక్కి దాచుకుని నా పక్కనే నిలబడింది. చాలాసేపటికి తల్లిపిట్ట వచ్చింది. గూటికి జానెడు దూరంలో తీగ మీద వాలి, అటూ ఇటూ తల తిప్పుతోంది. దాని ముక్కున పచ్చపురుగు ఇంకా మెలికలు తిరుగుతోంది.