కొండబాబు గారి కడుపు, జపం

కరోనా సద్దుమణిగిన మరుసటి సంవత్సరం, బెల్లం సీజన్ మొదలవుతుండగా, సివిల్ సర్జన్ హోదాలో అనకాపల్లి ప్రభుత్వాసుపత్రికి బదిలీ మీద వచ్చాను. మెడికల్ వార్డు నాది. రిటైర్మెంటుకు ముందు అదే ఆఖరి పోస్టింగు. నాకు సహజంగా నిదానం తక్కువ.

ఒకరోజు పొద్దున్నే బెల్లం వ్యాపారి కొండబాబు గారిని ఆయన భార్య వరలక్ష్మి గారు ఆటోలో తీసుకొచ్చారు. మనిషి పాలిపోయారు. నాడి పరుగెడుతోంది. విరేచనం తారులా నల్లగా అవుతోందట. దాన్ని మేం మెలీనా అంటాం. జీర్ణాశయంలోనో ఆ దగ్గర్లోనో రక్తం కారుతోందని అర్థం. సెలైన్ పెట్టించి, ఎండోస్కోపీ కోసం విశాఖకు రిఫర్ చేశాను. అంబులెన్స్ గేటు దగ్గరకొచ్చింది. ఆయన మాత్రం కదలరు.

కారణం దీక్ష. కడుపుమంటకు ఎవరో గురువుగారు మంత్రమిచ్చారట. మండలం రోజుల పాటు రోజూ పద్మాసనం వేసి జపించాలి, ఒక్కపూట తప్పినా మళ్ళీ మొదటికొస్తుంది.

"నొప్పి పూర్తిగా పోయిందండి. మంత్రం పనిచేత్తంది. మీరేమో రక్తం కారతందంటారేటి?" అని నన్నే నిలదీశారు.

మంత్రాలకు చింతకాయలు రాలతాయా అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఆయన చెప్పింది పూర్తిగా కొట్టిపారెయ్యలేను. నెమ్మదిగా ఊపిరి వదులుతూ కూర్చుంటే ఆందోళన తగ్గుతుంది, దానితో వచ్చే ఉబ్బరం, తేన్పులూ కొంత తగ్గొచ్చు. బెల్లం వేలంపాటల హడావిడిలో టీ మీద టీ తాగే మనిషికి ఆ కాస్త కుదురు మేలే చేసి ఉంటుంది. కానీ ఇంత రక్తం పోతుంటే నొప్పి ఎందుకు లేదు? మంచం చుట్టూ తిరుగుతూ అదే ఆలోచించాను. మందులేమైనా వాడుతున్నారా అని మళ్ళీ మళ్ళీ అడిగాను. ఇద్దరూ లేదన్నారు.

బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. బీపీ పడిపోతోంది. మనిషి చేజారిపోతాడేమోనని నాకు భయం పట్టుకుంది. చివరికి విసుగెత్తి, ఆ జపమేదో ఈ మంచం మీదే కానిచ్చి బయల్దేరమన్నాను. ఆయన ముఖం విప్పారింది. లేవబోతూ భార్యతో, "ఏమే, ఆ బిళ్ళ ఇలాగియ్యి" అన్నారు.

ఆవిడ సంచిలోంచి తీసిన స్ట్రిప్‌ని లాక్కుని చూశాను. మోకాళ్ళ నొప్పులకు వేసే పెయిన్‌కిల్లర్. రోజూ పరగడుపున అది పడితే తప్ప ఆయన పద్మాసనం వెయ్యలేరట.

ఇది మందు కాదా అని అరిచినంత పని చేశాను.

"మందేటి బాబూ, జపానికి కూకోడానికి కదా" అన్నారావిడ.

పుండు పెట్టింది ఆ బిళ్ళే. నొప్పి తెలియకుండా చేసిందీ అదే. పేరు మాత్రం మంత్రానికి వచ్చింది. ఆ సంగతే చెప్పాను. కొండబాబు గారు మాత్రం, కూర్చోకుండా చేస్తే ఫలితం ఉంటుందా అని అడిగారు. అది నా శాఖ కాదు, పడుకునే చెయ్యండి, విశాఖ దాకా చెయ్యండి అన్నాను. స్ట్రెచర్ మీద వెళ్తూ పెదవులు కదుపుతూనే ఉన్నారు.

అక్కడ పుండుకు వైద్యం జరిగింది, బతికారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని జపిస్తున్నారు, బిళ్ళ మానేశారు.

ఆ తర్వాత నేను రోగుల్ని మందులేం వాడతారని అడిగి ఊరుకోలేదు. పొద్దున లేచింది మొదలు నోట్లో ఏమేం వేసుకుంటారో వరసగా చెప్పమనేవాణ్ణి. తాను మందు అనుకోనిదాన్ని ఏ రోగీ మందుల్లో చెప్పడు.