సారంగపాణి డిజైన్

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే సారంగపాణికి 1978లో చేనేత పోటీలో మొదటి బహుమతి వచ్చింది. నల్లటి నేల మీద ఎర్రని మెట్లు ఒకదాంట్లోంచి ఒకటి పుట్టుకొస్తున్నట్టు నేశాడు. "ఈ డిజైన్ ఎక్కడిదయ్యా?" అని పెద్దమనుషులు అడిగితే, "నా బుర్రల పుట్టింది సార్" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే అతని చెవులు వేడెక్కాయి.

పక్కింట్లో నూలు కండెలు చుట్టే మొగిలమ్మ, పాతచీరల పీలికలతో కుట్టుకున్న బొంతను గోడ మీద ఆరేసేది. పోటీకి ముందు వారం రోజులు దాన్ని చూసి చూసి, సారంగపాణి ఆ మెట్లను గళ్ల కాగితం మీద గీసుకున్నాడు.

బహుమతి సంగతి విని ఆమె సంబరంగా వచ్చింది. జంపఖానాను తడిమి, "అరె, గిది నా బొంత తీరుగనే ఉన్నది గద బిడ్డా!" అంది.

వాకిట్లో పదిమంది ఉన్నారు. "నీ బొంత నేనెప్పుడు చూసిన అవ్వా? ఇది నా సొంతం" అన్నాడు సారంగపాణి.

ముసలామె జంపఖానా మీంచి చేయి తీసింది. "కావచ్చు బిడ్డా. ఇద్దరికి ఒక్కతీరుగ తోచద్దని ఏమున్నది?" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

మళ్లీ ఆ గోడ మీద బొంత కనపడలేదు. మరుసటేడు ఆమె పరకాలలో కూతురింటికి చేరింది. చేనేత సొసైటీలో ఆ జంపఖానాకు 'సారంగపాణి డిజైన్' అన్న పేరు స్థిరపడింది. ఇంకో కొత్తది గీయమని అందరూ అడిగేవారు. కాగితం ముందు కూర్చుంటే ఎక్కడో చూసిందే చేతికొచ్చేది. భయపడి చింపేసేవాడు.

ఆరేళ్లకు పరకాల బస్సెక్కాడు. మంచం పట్టిన మొగిలమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, "అవ్వా, నీ బొంత చూసే నేసిన. అందరి ముంగట అబద్ధమాడిన" అన్నాడు.

ఆమె నవ్వింది. "నేను మాత్రం కనిపెట్టిన్నా? మా అత్త రాములవ్వ కుట్టంగ చూసి నేర్చుకున్న. ఆమె ఏడ జూసిందో!"

సారంగపాణి గుండె తేలికైంది. "అయితే ఇది ఎవ్వలకూ సొంతం కాదన్నట్టే గద అవ్వా?"

"కాకపోతే కాకపాయె. మెట్లు మా అత్తయి, మూలల మలుపు నాది. అడిగినోళ్లకు గట్లనే చెప్పిన. ఆ నల్లనేల నీదే, మంచిగ కుదిరింది. నా పేరొక్కటి చెప్తే నీదేం తరిగిపోతుండె బిడ్డా?"



మరునాడే సొసైటీకి వెళ్లి పేరు మార్చమన్నాడు. "ఇన్నేండ్లకా? అందరు గీ పేరుతోనే అడుగుతాండ్రు" అని గుమాస్తా ఉప్పలయ్య నవ్వేశాడు. అప్పటినుంచి కొనవచ్చిన వాళ్లకు రాములవ్వ, మొగిలమ్మల సంగతి సారంగపాణే చెప్పేవాడు. కొందరు అతని వినయాన్ని మెచ్చుకునేవారు.

"వినయం గాదు సార్" అనేవాడు నేల చూపులు చూస్తూ, "ఆమె ఎదురుంగనే ఆమెది కాదన్న."