చుక్కల్లో అంకెలు

సూర్ నుంచి మస్కట్ వచ్చే బస్సులో పక్క సీటతను తెలుగువాడని తెలిసేసరికే సగం దారి అయిపోయింది. ముప్పై ఏళ్లుంటాయి. తన ఫోను నా చేతిలో పెట్టి, "అంకుల్, చిన్న సాయం. ఈ బొమ్మలు ఒక్కోటే జరుపుతూ ఉండండి. నేను అంకె చెప్తాను, కరెక్టో కాదో చూడండి," అన్నాడు.

రంగు చుక్కల మధ్య అంకెలు దాగి ఉండే బొమ్మలవి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందో లేదో చూసే కంటి పరీక్షలో చూపిస్తారు.

"పైలట్‌నండీ. మన ఇండియా లైసెన్సు యూరప్‌లో చెల్లదు. పదమూడు పరీక్షలూ మళ్లీ రాసి పాసయ్యాను. ఇక మెడికల్ ఒక్కటే ఉంది."

నేను జరుపుతుంటే తడుముకోకుండా చెప్పాడు. పన్నెండు, ఎనిమిది, ఇరవై తొమ్మిది. అన్నీ సరిపోయాయి. ఎందుకో అనుమానం వచ్చి, అతనికి తెలియకుండా ఒక బొమ్మ దాటేశాను. తర్వాతి దానిలో ఆకుపచ్చ చుక్కల మధ్య ఆరు ఎర్రగా కనబడుతోంది.

అతను దాన్ని తదేకంగా చూసి "ఐదు" అన్నాడు. ఐదు నేను దాటేసిన బొమ్మలోది.

"కరెక్టేనా అంకుల్?"

పదమూడు పరీక్షలు రాసిన మనిషి. మొహమాటం అడ్డొచ్చింది. "కరెక్టే బాబూ," అన్నాను.

"హమ్మయ్య. మొదటి లైసెన్సప్పుడు మా మావయ్య ఇలాగే కూర్చోబెట్టి చదివించాడండీ," అని కళ్లు మూసుకున్నాడు.

ఇప్పుడు మేం మస్కట్ ఎయిర్‌పోర్టు దగ్గర సీబ్‌లో ఉంటున్నాం. సాయంత్రాలు డాబా ఎక్కితే దిగే విమానాలు కనిపిస్తాయి. ఎడమ రెక్క చివర లైటు ఎరుపు, కుడి రెక్క చివర ఆకుపచ్చ అని ప్రతిసారీ పైకే అంటాను. మా ఆవిడ నవ్వుతుంది. ఆ రోజు కరెక్టే అన్నానని తనకింకా చెప్పలేదు.