తుడవని బోర్డు

పత్తికొండ ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పే బసవరాజ్ సారు చొక్కాజేబు ఎప్పుడూ సుద్దపొడితో తెల్లగా ఉంటుంది. పాఠం అయ్యాక బోర్డు మాత్రం తుడవడు. రాసింది ఇంకాసేపు పిల్లల కళ్లముందు ఉండాలంటాడు. నిన్న, 1835లో ఫిలడెల్ఫియా కూలీలు పది గంటల పనిదినం కోసం చేసిన సమ్మె గురించి, తానే చేసినంత ఊపుగా చెప్పాడు. ‘పది గంటలు’ అని బోర్డు నిండా రాశాడు. వెనక బెంచీలోంచి భువన లేచింది.

“సార్, మీరు పొద్దున ఆరుకొచ్చి రాత్రి తొమ్మిదికి పోతాండారు. మేమూ అంతే. మనమెప్పుడు అడిగేది?”

పిల్లలంతా గొల్లున నవ్వారు. సారు నవ్వలేదు. ప్రిన్సిపాల్ గదిలోకి అన్నీ చూపించే గోడమూల కెమెరా వైపు ఓసారి చూశాడు.

“అది పరీక్షలో రాదులేమ్మా, కూచో.”

బెల్లు కొట్టకముందే డస్టరు అందుకుని, ‘పది గంటలు’ తానే తుడిచేశాడు.